ఓరుగల్లు కోటను ఒక్క రోజులో చూసి రావడం ఎలా

ఓరుగల్లు కోటకు వెళ్లినవారిలో చాలామంది నిజానికి కోటను చూడరు. ఆటోలోనో కారులోనో తిన్నగా కీర్తితోరణాల దగ్గర దిగి, వాటి కింద నిలబడి ఫొటోలు తీసుకుని, విరిగిన శిల్పాల మధ్య ఓ అరగంట తిరిగి, అక్కడినుంచి వేయిస్తంభాల గుడికి బయలుదేరతారు. ఆ తోరణాలు కోట నడిబొడ్డున ఉన్నాయి. అక్కడికి చేరేలోగా తాము ఒక మట్టిగోడను, ఒక రాతిగోడను, వాటి అగడ్తలను, పగవాడిని తికమకపెట్టడానికి కట్టిన వంకర ద్వారాలను దాటి వచ్చామన్న సంగతి వారి దృష్టికే రాదు. ఇంటికి వచ్చాక "కోట ఏదీ, నాలుగు తోరణాలే కదా ఉన్నవి" అంటారు. ఈ నగరాన్ని కట్టినవారు దానిని వలయాలుగా కట్టారు కాబట్టి చూసేవారు కూడా బయటి వలయం నుంచి లోపలికి నడవడమే సరైన పద్ధతి. హైదరాబాదు నుంచి గానీ విజయవాడ వైపు నుంచి గానీ ఉదయం బయలుదేరి రాత్రికి ఇల్లు చేరాలనుకునేవారు ఈ నడకకు చోటు మిగిలేలా రోజును ఎలా మలుచుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

బయలుదేరే ముందు

ముందురోజు రాత్రి ఫోనులో వరంగల్ ఉపగ్రహ చిత్రాన్ని ఒకసారి తెరిచి చూడండి. పటంలో ఖిలా వరంగల్ అని రాసి ఉన్నచోట ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. లోపలిది రాతికోట. దాని అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. దాని చుట్టూ ఉన్నది మట్టికోట. దాని అడ్డుకొలత సుమారు 2.4 కిలోమీటర్లు. వీటికి అవతల, హనుమకొండను సైతం కలుపుకుంటూ, దాదాపు 12.5 కిలోమీటర్ల అడ్డుకొలతతో మూడో మట్టి ప్రాకారం ఒకటి ఉండేది. దాని ఆనవాళ్లు ఇప్పుడు ఊరి పెరుగుదలలో అక్కడక్కడ మాత్రమే మిగిలాయి కనుక ఒక్క రోజు ప్రయాణంలో దాన్ని వెతుక్కుంటూ తిరగవలసిన పని లేదు. ఓరుగల్లుకు ఏడు కోటలుండేవని ఊళ్లో చెప్పుకుంటారు, వినడానికి బాగుంటుంది. నేల మీద నిలిచి చూడగలిగినవి మాత్రం ఈ రెండే.

ఈ కొలతల వల్ల మనకు పనికొచ్చే లెక్క ఒకటుంది. మట్టికోట ద్వారం నుంచి రాతికోట ద్వారానికి సుమారు 600 మీటర్లు, రాతికోట ద్వారం నుంచి నడిమధ్యన ఉన్న తోరణాలకు మరో 600 మీటర్లు. అంటే పడమటి మట్టిగోడ దగ్గర మొదలుపెట్టి తూర్పు మట్టిగోడ దాకా కోటను ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచినా రెండున్నర కిలోమీటర్లకు మించదు. ఆగి చూస్తూ వెళ్లినా మూడున్నర గంటల్లో హాయిగా పూర్తవుతుంది.

చరిత్ర విషయానికి వస్తే, నాలుగు పేర్లు గుర్తుంచుకుంటే కోటలో కనిపించేదంతా దానంతటదే అర్థమవుతుంది. కాకతీయులు మొదట హనుమకొండ నుంచి పాలించారు. రుద్రదేవుడి కాలంలో, అంటే 1158 నుంచి 1195 మధ్య, ఓరుగల్లులో కొత్త నగరానికి పునాదులు పడ్డాయి. 1199లో గద్దెనెక్కిన గణపతిదేవుడు రాజధానిని ఇక్కడ స్థిరపరచి రాతికోటను కట్టించాడు. 1262 తరువాత ఆయన కుమార్తె రుద్రమదేవి రాతిగోడ ఎత్తు పెంచి, చుట్టూ మట్టికోటను, దాని అగడ్తను ఏర్పాటు చేయించింది. ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు 1323లో ఢిల్లీ సేనల చేతిలో ఓడిపోవడంతో కాకతీయ రాజ్యం ముగిసింది. తరువాత ముసునూరి కాపయనాయకుడు, రేచర్ల నాయకులు, బహమనీలు, షితాబ్ ఖాన్, కుతుబ్‌షాహీలు ఈ కోటను ఏలారు. అందువల్ల మీరు చూసే ప్రతి రాయీ కాకతీయులదే అనుకోవడం పొరపాటవుతుంది.

కాలం ఎంపికలో కొంత జాగ్రత్త అవసరం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎండ ఒంటికి ఇబ్బంది కలిగించదు. వానాకాలం చివర, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అగడ్తలో నీళ్లు నిలిచి ఉంటాయి కాబట్టి కోట రక్షణ ఎలా సాగిందో ఊహించుకోవడానికి అంతకు మించిన కాలం లేదు. అయితే రాతిమెట్లు నాచు పట్టి జారుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వెళ్లవద్దనే నా సలహా. ఇక్కడి నేలంతా నల్లరాయి, పదకొండు దాటాక కింది నుంచి కూడా సెగ కొడుతుంది. రెండేళ్లకోసారి మాఘపౌర్ణమి సమయంలో జరిగే మేడారం జాతర రోజుల్లో వరంగల్ వైపు వెళ్లే బస్సులు, రైళ్లు, లాడ్జీలు అన్నీ కిక్కిరిసి ఉంటాయి కనుక ఆ వారం మానుకోవాలి. మహాలయ అమావాస్యనాడు వేయిస్తంభాల గుడి ఆవరణలో ఎంగిలిపూల బతుకమ్మ జరుగుతుంది. ఆ సందడి చూడాలనుకునేవారు కావాలనే ఆ రోజు పెట్టుకోవచ్చు గానీ, అప్పుడు శిల్పాలను తీరిగ్గా చూడటం కుదరదు.

చేరుకునే దారి

సికింద్రాబాదు నుంచి వరంగల్‌కు రైలు మార్గంలో సుమారు 140 కిలోమీటర్లు, ప్రయాణం రెండు గంటల నుంచి రెండున్నర గంటలు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కాజీపేట జంక్షన్, వరంగల్ రెండూ వేర్వేరు స్టేషన్లు, మధ్య దూరం పది కిలోమీటర్లు. బల్హార్షా మీదుగా ఉత్తరాదికి వెళ్లే రైళ్లు కాజీపేట దగ్గరే మళ్లిపోతాయి, వరంగల్ రావు. ఖమ్మం, విజయవాడ వైపు వెళ్లే రైళ్లే వరంగల్ మీదుగా సాగుతాయి. కోటకు దగ్గరిది వరంగల్ స్టేషనే. అక్కడినుంచి నాలుగు కిలోమీటర్ల లోపే. కాజీపేటలో దిగితే హనుమకొండను, వరంగల్ ఊరినీ మొత్తం దాటుకుని కోటకు రావాలి. కాబట్టి టికెట్టు తీసుకునేటప్పుడు దిగవలసిన స్టేషను పేరు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి. ఎనిమిదిన్నరకల్లా వరంగల్లో దింపే రైలు ఏదైనా మంచిదే. రైళ్ల వేళలు తరచు మారుతుంటాయి కనుక ఆ వారం వేళలను రైల్వేవారి యాప్‌లోనే చూసుకోవాలి. విజయవాడ నుంచి వచ్చేవారికి దూరం సుమారు 200 కిలోమీటర్లు కాబట్టి తెల్లవారుజాము రైలు తప్పదు.

బస్సులో అయితే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుంచి గానీ ఉప్పల్ నుంచి గానీ బయలుదేరవచ్చు. భువనగిరి, ఆలేరు, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా హనుమకొండ చేరడానికి మూడు గంటలు, ఒక్కోసారి మూడున్నర పడుతుంది. భువనగిరి దగ్గర ఏకశిల మీద నిలిచిన కోట రోడ్డు మీదికే కనిపిస్తుంది. దానికి మరో రోజు కేటాయించాలి తప్ప ఈ ప్రయాణంలో ఇరికించకూడదు. తెలంగాణలో నివసించే మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి ఛార్జీ లేదు. గుర్తింపు కార్డు మాత్రం వెంట ఉండాలి. బస్సు దించేది హనుమకొండలో కాబట్టి అక్కడినుంచి కోటకు ఆరేడు కిలోమీటర్లు ఆటోలో వెళ్లాలి. అలా వచ్చినవారు దారిలోనే ఉంది కదా అని వేయిస్తంభాల గుడిని ముందు చూసేద్దామనుకుంటారు. ఆ ఆలోచన మానుకోండి. గుడిలో నీడ ఉంటుంది, కోటలో ఉండదు. చల్లటి వేళను కోటకే ఖర్చుపెట్టాలి.

టిఫిను స్టేషను పరిసరాల్లోనే ముగించుకోవడం, సీసాల్లో నీళ్లు నింపుకోవడం, మరుగుదొడ్డి పని అక్కడే తీర్చుకోవడం మంచిది. గోడల వెంబడి నడిచే దారిలో ఈ సౌకర్యాలను నమ్ముకోలేము.

మట్టికోట

ఆటో మాట్లాడుకునేటప్పుడు "కోట" అని మాత్రం చెబితే తోరణాల ముందే దింపుతారు. పడమటి మట్టికోట ద్వారం దగ్గర దింపమని అడగాలి. "నడిచెందుకు పోతరు సార్, లోపటిదాక తీస్కపోత" అని ఆటో ఆయన అనడం ఖాయం, ఆయన అన్నది మన మేలు కోరే. నవ్వి, అక్కడే దిగండి.

ఊళ్లోంచి వచ్చే రోడ్డు పడమటి వైపు లోపలికి వచ్చి తూర్పు వైపు బయటికి వెళుతుంది. మొదట దాటే మట్టిగోడను చూసి చెరువు కట్ట అనుకునేవారే ఎక్కువ. తుప్పలు, తుమ్మచెట్లు మొలిచి, వానలకు ఒరుసుకుపోయి అది ఇప్పుడు అలాగే ఉంది. కానీ దాని వెడల్పును ఒకసారి పరికించి చూడండి. రాతిగోడకు బయట ఇంత మట్టి ఎందుకు పోశారన్న ప్రశ్నకు జవాబు 1310లో దొరికింది. ఆ ఏడాది ఆరంభంలో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సేన కోటను ముట్టడించినప్పుడు రాళ్లు విసిరే యంత్రాలను ఈ గోడమీదికే గురిపెట్టింది. రాతిగోడకు దెబ్బ తగిలితే బీటలు వారుతుంది, దిట్టంగా పేర్చిన మట్టిగోడ ఆ దెబ్బను తనలోకి తీసుకుంటుంది. ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో ఈ మట్టిగోడ గట్టిదనాన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంటూ రాశాడు. పగవాడి పక్షాన నిలిచినవాడి నోట వచ్చిన మెప్పు కనుక దానికి విలువ ఎక్కువ. చివరికి మట్టికోట వారి వశమయ్యాక, రాతికోట అగడ్తను పూడ్చే పని మొదలయ్యాక, ప్రతాపరుద్రుడు కప్పం కట్టడానికి ఒప్పుకుని ఆ ముట్టడిని తప్పించుకున్నాడు.

రెండు గోడల మధ్యనున్న ఆ 600 మీటర్లలో ఇళ్లు, పొలాలు, బర్రెల కొట్టాలు ఉన్నాయి. ఈ కోట జనం ఖాళీ చేసి వెళ్లిపోయిన శిథిలం కాదు, ఇది నేటికీ ఊరు. తూర్పుకోట, పడమరకోట, మధ్యకోట అనేవి ఇక్కడివారి చిరునామాలు. గోడ ఎక్కడం కోసం ఎవరి పెరట్లోంచైనా వెళ్లవలసి వస్తే ఒక మాట అడిగి వెళ్లండి. ఎవరూ కాదనరు, పైగా దగ్గరి దారి చూపిస్తారు.

రాతికోట

నా దృష్టిలో ఈ ప్రయాణం మొత్తానికి ప్రాణం లాంటిది పడమటి రాతిద్వారం. కనీసం ముప్పావుగంట ఇక్కడ గడపండి. ద్వారం తిన్నగా లోపలికి తెరుచుకోదు. మొదటి ద్వారం దాటగానే నాలుగువైపులా ఎత్తైన గోడలున్న ఆవరణలోకి అడుగుపెడతాం. ఎదురుగా గోడ తప్ప దారి కనబడదు. పక్కకు మళ్లితేనే రెండో ద్వారం దొరుకుతుంది. వాహనంలో వెళ్లేవారికి ఇది రోడ్డు వంపులా మాత్రమే తోస్తుంది. కాలినడకన వెళ్లి ఆవరణ మధ్యలో ఆగి తల పైకెత్తి చూస్తే దాని ఉద్దేశం తెలుస్తుంది. తలుపులను గుద్దడానికి పరుగున వచ్చే ఏనుగుకు ఇక్కడ వేగం అందుకునే చోటు ఉండదు. మలుపు తిరగడానికి ఆగిన సైనికులు నాలుగు గోడల పైనుంచీ బాణాలకు అందుతారు. నాలుగు దిక్కులా ఉన్న ద్వారాల కట్టడి వెనుక ఉన్నది ఈ ఆలోచనే.

ఆవరణలోని గోడలకు బాగా దగ్గరగా వెళ్లి రాళ్ల అతుకులు చూడండి. ఒక్కో రాయి ఒక్కో కొలతలో ఉంటుంది. సున్నం గానీ మరే అంటు పదార్థం గానీ లేదు. పెద్దరాయి అంచు వంకరగా ఉన్నచోట పక్కరాయిని ఆ వంకరకు తగ్గట్టు చెక్కి ఇమిడ్చారు. కొన్నిచోట్ల గోడలో పద్మాలు, లతలు చెక్కిన రాళ్లు పక్కకు తిరిగో తలకిందులుగానో కనిపిస్తాయి. అవి పాత గుళ్ల రాళ్లు, తరువాతి కాలపు మరమ్మతుల్లో గోడలోకి చేరినవి. గోడ పైభాగాన వరుసగా కనిపించే పళ్ల లాంటి చిన్న కట్టడాలు కూడా కాకతీయుల తరువాత చేర్చినవే. ఒకే గోడలో ఎవరి చేతిపని ఏదో ఇలా వేరుచేసి గుర్తించడం పిల్లలకు మంచి కాలక్షేపం కూడా.

ద్వారం దాటి లోపలికి రాగానే వెనక్కి తిరిగి గోడ లోపలి వైపు చూడాలి. బయట నిట్టనిలువుగా ఉన్న గోడ లోపలి వైపు మట్టి వాలుగా ఉండి, దాని మీద రాతిమెట్లు ఉంటాయి. మామూలుగా కోటల్లో పైకెక్కడానికి అక్కడొకటి ఇక్కడొకటిగా మెట్లదారులు ఉంటాయి, ఇక్కడ గోడ పొడవునా పద్దెనిమిది వరుసల మెట్లు సాగుతాయి. ప్రమాదం ఏ దిక్కున వచ్చినా కాపలావారు ఉన్నచోటి నుంచే గోడ మీదికి పరుగెత్తగలిగేవారు. కొన్నిచోట్ల మెట్లు చెదిరిపోయాయి, చెక్కుచెదరకుండా ఉన్నచోట నెమ్మదిగా ఎక్కవచ్చు. పైన పిట్టగోడ లేనిచోట అంచు దగ్గరికి వెళ్లకండి, పిల్లల చెయ్యి వదలకండి. పైనుంచి చూస్తే గోడ నుంచి బయటికి, అగడ్త నీళ్లలోకి పొడుచుకువచ్చిన చతురస్రాకారపు బురుజులు కనిపిస్తాయి. రాతికోట చుట్టూ ఇలాంటివి 45 ఉన్నాయి. గోడ అడుగుకు చేరిన శత్రువును పక్కనుంచి కొట్టడానికి వాటిని ముందుకు కట్టారు. వానాకాలం తరువాత వెళ్లినవారికి నీళ్లలో ఆ బురుజుల నీడలు కూడా కనిపిస్తాయి.

ఓపిక ఉన్నవారు పడమటి ద్వారం నుంచి గోడ వెంబడి ఏదో ఒక వైపు నాలుగైదు బురుజుల దాకా నడిచి వెనక్కి రావచ్చు. వలయం మొత్తం తిరగాలంటే దాదాపు నాలుగు కిలోమీటర్లు, దారి పొడవునా ముళ్లకంపలు. ఆ కోరిక ఉంటే రెండు రోజుల ప్రయాణం పెట్టుకోవాలి. ఇంతవరకు చూసిన గోడలకు, ద్వారాలకు టికెట్టు అవసరం లేదు, అవి ఊరి దారిలోనే ఉన్నాయి. పొద్దున్నే ఎంత త్వరగా వచ్చినా నష్టం లేదు.

నడిబొడ్డు

తోరణాల ఆవరణ భారత పురావస్తు శాఖ అధీనంలో ఉంది. లోపలికి టికెట్టు తీసుకోవాలి, పదిహేనేళ్ల లోపు పిల్లలకు అక్కరలేదు. ట్రైపాడ్ వాడాలన్నా డ్రోన్ ఎగరేయాలన్నా ముందస్తు అనుమతి ఉండాలి. పెళ్లి ఫొటోల కోసం వచ్చేవారు చాలామంది ఈ విషయంలో గేటు దగ్గర వాదనకు దిగుతుంటారు.

నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. వీటికి ఎన్నడూ తలుపులు లేవు, పక్కన గోడలూ లేవు. మధ్యలో ఉన్న స్వయంభూదేవుడి ఆలయ ఆవరణకు ఇవి దారి చూపే గుర్తులు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చేరడంతో ఈ ఆకారం అందరికీ పరిచితమే. దగ్గరగా వెళ్లినప్పుడు అడ్డదూలం కింద వేలాడుతున్నట్టు చెక్కిన తామరమొగ్గలను, పైన చివరల్లో నిలిచిన హంసలను, స్తంభం నుంచి దూలానికి ఊతంగా వాలుగా లేచే కొమ్ములను చూడండి. తోరణాల మీద దేవతామూర్తులు లేకపోవడం వల్లే ఇవి కూల్చివేతను తప్పించుకున్నాయని గైడులు చెబుతారు. అది నమ్మదగ్గ ఊహే గానీ ఊహే. ఒక తోరణం కింద నిలబడి ఎదుటి తోరణాన్ని సూటిగా చూస్తే మధ్యలో ఆలయం ఎంత విశాలంగా ఉండేదో అంచనాకు వస్తుంది.

మధ్యలో ఇప్పుడు గుడి లేదు. 1323 తరువాత కూలిన ఆలయ భాగాలను పురావస్తు శాఖ వరుసగా పేర్చిపెట్టింది. నందులు, ఏనుగుల వరుసలు, నిగనిగలాడే నల్లరాతి స్తంభాలు, పైకప్పుల పద్మాలు నేల మీదనే ఉన్నాయి. గుడిలో అయితే తలెత్తి మెడ నొప్పి పుట్టేలా చూడవలసిన పైకప్పు చెక్కడాలు ఇక్కడ మోకాలి ఎత్తులో చేతికందే దూరంలో ఉండటం శిల్పం మీద ఆసక్తి ఉన్నవారికి దొరకని అవకాశం. ఒక విరిగిన స్తంభాన్ని ఎంచుకుని దాని గుండ్రటి కంకణాల అంచులను గమనించండి. రాయిని తరిణి పట్టినంత నునుపుగా, పదునుగా ఉంటాయి. రాళ్ల మీద కూర్చోవద్దు, ఎక్కవద్దు. స్వయంభూదేవుడి నాలుగు ముఖాల లింగం దక్షిణాన ఉన్న శంభుని గుడిలో నేటికీ పూజలందుకుంటోంది. దానికి పది నిమిషాలు చాలు.

తోరణాలకు పడమటి వైపు కొద్ది దూరంలోనే ఖుష్ మహల్ ఉంది. గోడలు అడుగున వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. ఢిల్లీలోని తుగ్లక్ కట్టడాలు చూసినవారికి ఈ పోలిక వెంటనే తడుతుంది. దీన్ని షితాబ్ ఖాన్ కట్టించాడని కొందరు, అంతకు ముందు తుగ్లక్ కాలానిదేనని కొందరు అంటారు. లోపల ఎత్తైన కమానుల కింద ఎంత ఎండలోనైనా చల్లగా ఉంటుంది కనుక పదకొండు ప్రాంతంలో ఇక్కడికి చేరేలా చూసుకోండి. పైకి వెళ్లే మెట్లు తెరిచి ఉంటే తప్పక ఎక్కాలి. తోరణాలు, ఏకశిల గుట్ట, అవతల గోడల వలయం ఒకే చూపులో కనిపించే చోటు అదే.

ఏకశిల గుట్ట ఎక్కాలా వద్దా అన్నది ఎండను బట్టి తేల్చుకోండి. ఒకే బండరాయిగా లేచిన ఆ గుట్ట మీద చిన్న గుడి, కావలి బురుజు ఉన్నాయి. చలికాలంలో అయితే ఎక్కండి. మిగతా రోజుల్లో కింద ఉన్న చెరువు గట్టున చెట్ల నీడలో కాసేపు కూర్చుని, తూర్పు ద్వారం వైపు నడవండి. తూర్పు ద్వారం కూడా పడమటిదానిలాగే వంకరగా ఉంటుంది, అయితే ఈసారి లోపలి నుంచి బయటికి వెళుతున్నాం కాబట్టి కాపలావాడి చూపుతో చూడవచ్చు. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలూఘ్ ఖాన్ సేన ఈ గోడల చుట్టూ నెలల తరబడి కాచుకుని కూర్చున్నప్పుడు లోపలివారిని లొంగదీసినది గోడల బలహీనత కంటే తిండిగింజల కొరతే. బందీగా ఢిల్లీకి తరలిస్తుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన ప్రాణాలు విడిచాడు.

కారులో వచ్చినవారు డ్రైవరును ముందుగానే తూర్పు ద్వారం బయటికి పంపితే వెనక్కి నడిచే శ్రమ తప్పుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని మాత్రం నేరుగా తోరణాల దగ్గర దింపండి. అక్కడ నేల చదునుగా ఉంటుంది. మిగతావారు నడిచి వచ్చి వారిని కలుసుకోవచ్చు.

మధ్యాహ్నం, సాయంత్రం

కాగితం మీద వరంగల్, హనుమకొండ ఇప్పుడు రెండు జిల్లాలు. నేల మీద మాత్రం కాజీపేటతో కలిసి ఒకే ఊరు. భోజనానికి హనుమకొండ చౌరస్తా పరిసరాలకు రావడం అనుకూలం. భోజనం తరువాత గంటసేపు విశ్రాంతి తీసుకున్నా నష్టం లేదు. పొద్దున్న నడిచినవారికి అది అవసరమే.

మూడు గంటల ప్రాంతంలో వేయిస్తంభాల గుడికి చేరండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఈ గుడి కోట కంటే పాతది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భాలయాలు, నక్షత్రాకారపు అరుగు, నల్లరాతి నంది ఉంటాయి. పొద్దున కోటలో నేల మీద విడివిడిగా చూసిన స్తంభాలు, దూలాలు, పైకప్పు పద్మాలు నిలబడి ఉన్న గుడిలో ఏ స్థానంలో ఉంటాయో ఇక్కడ సరిపోల్చుకోవచ్చు. కోట తరువాతే ఈ గుడికి రమ్మనడానికి నాకున్న మరో కారణం ఇదే. నందికి అవతల ఉన్న కల్యాణమండపాన్ని రాయి రాయీ విప్పి, పునాది సరిచేసి, ఏళ్ల తరబడి మళ్లీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. పాత రాయికీ కొత్తగా చెక్కి చేర్చిన రాయికీ తేడా రంగును బట్టి పోల్చుకోవచ్చు.

అక్కడినుంచి భద్రకాళి గుడికి దూరం ఎక్కువ లేదు. గుడి తలుపులు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు కనుక అయిదు ప్రాంతంలో వెళితే దర్శనమూ అవుతుంది, చెరువు గట్టు మీద కాసేపు నడవడమూ అవుతుంది. కొనుక్కోవడానికి ఏమైనా కావాలంటే వరంగల్ జంపఖానాలు చూడండి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ నేతకు కొత్తవాడ పేరున్న చోటు. చిన్నది కొంటే సంచిలో పట్టేస్తుంది, మంచం మీద పరిచేంతది కొంటే రైల్లో మోయవలసి వస్తుందని గుర్తుంచుకోండి.

రామప్పగుడి సంగతి చాలామంది అడుగుతారు. 2021లో యునెస్కో జాబితాకెక్కిన ఆ గుడి పాలంపేటలో, వరంగల్ నుంచి 65 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. రానుపోను మూడు గంటలు రోడ్డు మీదే గడుస్తాయి. దాన్ని ఈ రోజులోకి చేరిస్తే కోట మళ్లీ అరగంట ఫొటోలకే పరిమితమవుతుంది. రామప్పను మరో ప్రయాణానికి ఉంచడమే మేలు. కోటలో సాయంత్రం జరిగే కాంతిధ్వనుల ప్రదర్శన (సౌండ్ అండ్ లైట్ షో) చూడాలనుకుంటే రోజును తిరగేసుకోవాలి. గుళ్లు ఉదయం, కోట మూడు గంటల నుంచి, ఆపైన ప్రదర్శన. అప్పుడు రాత్రి పొద్దుపోయిన రైలు గానీ, ఊళ్లో బస గానీ తప్పదు. ఆ రోజు ప్రదర్శన ఉందో లేదో, తెలుగులో ఏ వేళకో టికెట్టు కిటికీ దగ్గర అడిగి తెలుసుకోండి.

తిరుగు ప్రయాణానికి హైదరాబాదు వెళ్లేవారు వరంగల్ స్టేషనుకే వెనక్కి వెళ్లనక్కరలేదు. హనుమకొండ నుంచి కాజీపేట జంక్షన్ దగ్గర, పైగా ఉత్తరాది నుంచి వచ్చే రైళ్లు కూడా అక్కడ కలుస్తాయి కాబట్టి సాయంత్రం ఎంపికలు ఎక్కువ. రైలు దొరకకపోతే హనుమకొండ బస్టాండు నుంచి హైదరాబాదుకు బస్సులు రాత్రి దాకా దొరుకుతూనే ఉంటాయి. ఆదివారం సాయంత్రం మాత్రం సీటు ముందుగానే రిజర్వు చేసుకోండి.